భస్మత్త కూర్చుంటే ఆగిపోయే కంప్యూటరు

మా మేనత్తకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. ఇంట్లో చిన్నాపెద్దా అందరికీ ఆమె భస్మత్త. ఆమెది భస్మాసుర హస్తమని, ఏది ముట్టుకుంటే అది బూడిదేనని ఎప్పుడో ఆమె చిన్నతనంలో అన్నారు. ఆ మాట వాడగా వాడగా అరిగి, పొట్టిదై, చివరికి ముద్దుపేరులా స్థిరపడిపోయింది. గోడగడియారం ఆమె చేతిలో ఆగిపోయిందట. రేడియో ఆమె మీట తిప్పుతుండగా మూగబోయిందట. కొత్త గొడుగు ఆమె విప్పగానే ఊచలు విరిగాయట. ఈ కథలు చెప్పుకుని మేం నవ్వితే, మాకంటే ముందు ఆమే నవ్వేది. ఇంట్లోకి కొత్త వస్తువు వస్తే తానే రెండడుగులు వెనక్కి వేసి, "ముందు మీరు ముట్టుకోండి, తర్వాత నేను" అనేది.

మామయ్య బస్సు డ్రైవరు. తక్కువ మాట్లాడతాడు. ఆయన మాత్రం ఈ కథలన్నీ విని, "నా చెయ్యి పట్టుకుని ముప్పయ్యేళ్ళు దాటింది. నేనింకా నడుస్తూనే ఉన్నాగా" అనేవాడు. అందుకు అత్త, "అది నా చేతిలో గుణం కాదు, మీ ఇంజను మొండిది" అనేది.

నాన్నకు ఫొటో స్టూడియో ఉంది. ముందు గాజు తలుపు, దాని వెనక కౌంటరు, కౌంటరు వెనక తెర, తెర వెనక తెల్లగోడకు ఎదురుగా ఒక ఎత్తు స్టూలు. తెరకు ఇవతల, పక్కగోడ వారగా ఒకే ఒక్క కంప్యూటరు. పెళ్ళయిన కొత్తలోనే అత్త ఆ స్టూడియోలో పనికి చేరింది. ఆ రోజుల్లో సన్నని కుంచె పట్టుకుని ఫొటోల మీద మచ్చలు, గీతలు దిద్దేది. కంప్యూటరు వచ్చాక కొన్నాళ్ళు నాన్న ఆమెను దాని దగ్గరికి రానివ్వలేదు. పాత ఫొటోలు బాగుచెయ్యమని అడిగేవాళ్ళు ఎక్కువై, ఆ పని తన వల్ల కాక, చివరికి తానే కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. అక్కడ ఆమె కుదురుకుంది. చిరిగిపోయిన మొహాలు, చెద తిన్న భుజాలు, నీళ్ళకు కరిగిన కళ్ళు ఆమె దగ్గరికి వచ్చి మళ్ళీ మనుషులయ్యేవి. పొద్దున్న నేను బిల్లులు కొట్టుకునేదాన్ని. మధ్యలో నాన్న పాస్‌పోర్టు ఫొటోలు తీసి ప్రింటు ఇచ్చేవాడు. మధ్యాహ్నం నుంచి కంప్యూటరు అత్తది.

ఒక వానాకాలం మొదట్లో ఆ కంప్యూటరు హ్యాంగ్ అవడం మొదలుపెట్టింది.

తెర మీద బొమ్మ బొమ్మలాగే ఉండిపోయేది. మౌసు ఎంత జరిపినా బాణం మేకు కొట్టినట్టు కదిలేది కాదు. మూలన ఉన్న గడియారంలో నిమిషం మారేది కాదు. లోపల ఫ్యాను మాత్రం తనకేమీ పట్టనట్టు తిరుగుతూ ఉండేది. బటన్ నొక్కి ఆపి, మళ్ళీ వెలిగించాల్సిందే. అప్పటిదాకా చేసినదంతా గంగలో కలిసేది. ఆగిపోయిన ప్రతిసారీ అత్త రెండు చేతులూ బల్ల మీద నుంచి పైకి ఎత్తేసేది, పోలీసుల ముందు దొంగ ఎత్తినట్టు. ఆ ఎత్తిన చేతులు చూస్తే చాలు, ఏమైందో కౌంటరు దగ్గర మాకు తెలిసిపోయేది.

"మళ్ళీనా?" అనేవాడు నాన్న.

"మళ్ళీనే."

నాకు పొద్దున్న ఒక్కసారి కూడా ఆగలేదు. నాన్నకూ ఆగలేదు. అత్త కూర్చుంటే ఆగేది. ఇక చెప్పాలా? ఇంట్లో పాత కథల పక్కన కొత్త కథ వచ్చి చేరింది.

మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తి మీద ఇంకో కళ్ళజోడు. నాన్న పిలిస్తే వచ్చి, పొద్దున్నంతా దాని ముందు కూర్చుని టీ తాగాడు. అది చక్కగా పనిచేసింది. "నా ముందు మంచిపిల్లలా ఉందండీ. రోగం కనిపించకుండా మందేం ఇవ్వను?" అని వెళ్ళిపోయాడు.

తర్వాత నాన్న స్నేహితుడొకాయన వచ్చాడు. ఆయన ఏదో ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. లోపలున్నవన్నీ తుడిచేసి, మళ్ళీ కొత్తగా ఎక్కించి, "ఇక ఢోకా లేదు" అన్నాడు. నిజంగానే ఆ వారమంతా ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదు. కాకపోతే ఆ వారమంతా అత్త జ్వరంతో ఇంట్లో పడుకుని ఉంది. తగ్గి, మఫ్లరు చుట్టుకుని వచ్చి కూర్చున్న రోజు, టీ వేళకల్లా ఆమె చేతులు మళ్ళీ పైకి లేచాయి.

ఆ సాయంత్రం షట్టరు దించే ముందు నాన్న ఆమె దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి అన్నాడు. "అక్కా, ఏమీ అనుకోకు. కొన్నాళ్ళు నువ్వు కటింగూ ఫ్రేములూ చూసుకో. దీని సంగతి తేలేదాకా."

"అలాగేరా," అంది అత్త. మర్నాటి నుంచి వెనక బల్ల దగ్గర, కంప్యూటరుకు వీపు పెట్టి కూర్చుని, ఫొటోల అంచులు కోసేది, ఫ్రేములకు మేకులు కొట్టేది. ఆ బల్ల మీద ఏదీ పాడవలేదు. ఆ మాట ఎవరూ అనలేదు.

తర్వాతి వారం బ్రెడ్డు దుకాణం ఆయన ఒక ఫొటో పట్టుకొచ్చాడు. వాళ్ళమ్మ వయసులో ఉన్నప్పుడు పనిచేసిన లాండ్రీ ముందు తీసినది. ఆడవాళ్ళంతా చేతుల్లో ఇస్త్రీపెట్టెలతో వరసగా నిలబడి ఉన్నారు. సరిగ్గా వాళ్ళమ్మ మొహం మీదే తడి పట్టి, కాగితం పొక్కిపోయి ఉంది. ఆవిడది ఇంకో చిన్న ఫొటో కూడా ఇచ్చాడు, గుర్తింపుకార్డు మీది నుంచి ఊడదీసినది.

"ఆవిడ ఇలాగే ఉండేదని నా పిల్లలకి చూపించాలి. వీలవుతుందా?" అన్నాడు.

నాన్న వెనక్కి చూశాడు. అత్త లేచి వచ్చి రెండు ఫొటోలూ వెలుతురుకు పట్టి చూసింది. "ఎడం కనుబొమ్మ కొంచెం పైకి ఉండేదా ఆవిడకి?"

"అవునండీ! ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు ఉండేది."

"వీలవుతుంది," అంది అత్త. అని, తనకు ఇప్పుడు ఆ కుర్చీ లేదని గుర్తొచ్చి ఫొటో నాన్న చేతిలో పెట్టింది.

నాన్న తానే మొదలుపెట్టాడు. అత్త పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, చెయ్యి దేనికీ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని, చెబుతూ ఉంది. పెద్ద సైజులో స్కాన్ చెయ్యి. ఇంకా పెద్దది. ఇప్పుడు దాని మీద ఇంకో పొర. చిన్న ఫొటో తెచ్చి పక్కన పెట్టు. ఆ బుగ్గ నీడ ఇక్కడికి తీసుకో. నాన్న ఒక్కొక్కటే చేసుకుంటూ వెళ్ళాడు. చెంప దాకా వచ్చేసరికి బాణం ఆగిపోయింది. మూలన గడియారం ఆగిపోయింది.

నాన్న మౌసును బల్లకేసి కొట్టాడు. తర్వాత నవ్వుతూ అన్నాడు. "నువ్వు పక్కన కూర్చున్నావుగా అక్కా."

సరదాకే అన్నాడు. కానీ ఆ నవ్వు గదిలో ఎవరికీ అంటలేదు. అత్త లేచి, మూలనున్న గొడుగు తీసుకుంది.

"నేను ఎదురుగా చెప్పుల షాపు ముందు నిలబడతాను. నువ్వు ఇదే పని మళ్ళీ మొదట్నించీ చెయ్యి. అంత దూరం సరిపోతుందా, ఇంకా వెళ్ళాలా?"

"అక్కా, ఊరికే అన్నానే. కూర్చో."

"ఊరికే అన్నావని తెలుసు. నువ్వు చెయ్యి."

బయట వాన పడుతోంది. ఆమె రోడ్డు దాటి చెప్పుల షాపు పందిరి కింద నిలబడింది. గాజు తలుపులోంచి నాకు కనిపిస్తూనే ఉంది. గొడుగు ముడిచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, చేతులు కట్టుకుని, ఇటే చూస్తోంది. మధ్యలో బస్సులు పోతున్నాయి. నాన్న మళ్ళీ స్కాన్ చేశాడు, మళ్ళీ పొరలు వేశాడు. మొదట విసుగ్గా చేశాడు. చెంప దగ్గరికి వచ్చేసరికి ఆయన వీపు బిగుసుకుంది. ఆగిపోవాలని కోరుకుంటున్నాడో, ఆగకూడదని కోరుకుంటున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

ఆగిపోయింది.

నాన్న మౌసు మీద నుంచి చెయ్యి తీసి, తల తిప్పి బయటికి చూశాడు. అత్త గొడుగు విప్పింది. రోడ్డు దాటి లోపలికి వచ్చి, గొడుగు గుమ్మం బయట దులిపి, తమ్ముడి ఎదురుగా నిలబడి అడిగింది.

"ఇప్పుడు చెప్పు తమ్ముడూ, నా చెయ్యి ఎంత పొడుగుంది?"

నాన్న అక్కడున్న టీ గ్లాసులు రెండూ తీసుకుని కడగడానికి వెనక్కి వెళ్ళాడు. వాటిలో ఒకటి అప్పటికే కడిగి పెట్టినది.

మెకానిక్కు పెద్దాయనకు మళ్ళీ కబురు పెట్టాం. వచ్చి, జరిగిందంతా అత్త నోటనే విన్నాడు. చెప్పుల షాపు దగ్గరికి వచ్చేసరికి ముక్కు మీది కళ్ళద్దాలు తీసి ఆమె వైపు చూశాడు.

"నేను చేసేదీ అదేనమ్మా. దేని మీద అనుమానం ఉంటే దాన్ని బయట పెట్టి చూడ్డం. మీ వాళ్ళ అనుమానం మీ మీద గనక మిమ్మల్ని మీరు బయట పెట్టుకున్నారు. మొదటి పని అయిపోయింది. ఇక మిగతావి ఒక్కొక్కటీ చూద్దాం. అయితే ఒక షరతు. మీరు కూర్చుని మీ పని చెయ్యాలి. అది నా చేతిలో ఆగట్లేదు. నాకు మీ చెయ్యే కావాలి."

ఇన్నేళ్ళలో తన చెయ్యి కావాలని ఎవరైనా అడగడం అత్తకు అదే మొదటిసారి అనుకుంటాను. ఆమె గ్లాసులు అందుకుని, "టీ తాగుతారా అన్నయ్యగారూ?" అంది.

"అది ఆగింతర్వాత తాగుదాం."

ఆమె లాండ్రీ ఫొటో తెరిచింది. ఆయన పక్కన నిలబడి, ఆమె ఏం చేస్తోందో కాక, ఎప్పుడు ఏం తెరుస్తోందో చూశాడు. ఆగిపోయింది. ఈసారి ఆమె చేతులు లేవలేదు. పెద్దాయన మాత్రం సంబరంగా, "వచ్చింది, దొరికింది!" అన్నాడు. కంప్యూటరు పాడైనందుకు ఎవరైనా అంత సంతోషపడగా నేనెన్నడూ చూడలేదు. అత్తకు నవ్వు ఆగలేదు.

డబ్బా మూత తీశారు. లోపల దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. వేడెక్కి ఆగుతోందేమో చూద్దామని ఆయన బ్రష్షుతో దుమ్మంతా దులిపి, ఫ్యాను కింద గట్టిపడిపోయిన, వేడి లాగే పేస్టు గీకి కొత్తది రాశాడు. మూత తెరిచే ఉంచి, ఎదురుగా బల్ల ఫ్యాను పెట్టాడు. అత్త మళ్ళీ చేసింది. మళ్ళీ ఆగింది. "వేడి కాదు," అన్నాడు, వేడిని కూడా బయట నిలబెట్టినట్టుగా. తర్వాత తన దుకాణం నుంచి తెచ్చిన ఇంకో పవర్ సప్లై పెట్టి చూశాడు. ఆగింది. "కరెంటు కాదు." హార్డ్ డిస్కు మార్చి చూశాడు. ఆగింది. "ఇదీ కాదు." ఆగిన ప్రతిసారీ అత్త మొదటి నుంచి మొదలుపెట్టేది. ఆ చెంప ఎన్నిసార్లు దిద్దిందో గానీ, చూడకుండానే దిద్దేంత అలవాటైపోయింది. విసుక్కోలేదు. కౌంటరు దగ్గర పనేమీ లేకపోయినా నాన్న అక్కడే తచ్చాడుతూ ఉన్నాడు.

చివరికి పెద్దాయన, కంప్యూటరు చేస్తున్న పనిని గుర్తుంచుకునే ర్యామ్ దగ్గరికి వచ్చాడు. దువ్వెన ముక్కల్లాంటివి రెండు పక్కపక్కనే గుచ్చి ఉన్నాయి. ఒకటి పీకి పక్కన పెట్టి, ఒక్కదానితోనే నడిపించాడు. కంప్యూటరు ఎద్దుబండిలా నడిచింది, కానీ నడిచింది. అత్త చెంప దాటింది, ముక్కు దాటింది, కనుబొమ్మ దగ్గరికి వచ్చింది. కనుబొమ్మ పూర్తయింది.

"ఇంకా సంతోషపడకండి," అన్నాడు పెద్దాయన. దాన్ని తీసి, ఇందాక పీకిన రెండోదాన్ని దాని గాడిలోనే పెట్టాడు. నాలుగు పొరలు కూడా వెయ్యకముందే ఆగిపోయింది. "తప్పు ముక్కలో ఉందా, అది కూర్చున్న గాడిలో ఉందా అన్నది కూడా తేలాలి," అని మంచిదాన్ని తీసుకుని ఆ రెండో గాడిలో పెట్టాడు. నడిచింది. చెడ్డదాన్ని మొదటి గాడిలో పెట్టాడు. ఆగింది.

"ఎవరింట్లో కూర్చోబెట్టినా వీడి బుద్ధి ఇదే," అంటూ దాన్ని పీకి అత్త అరచేతిలో పెట్టాడు. "ఇదిగోనమ్మా మీ భస్మాసురుడు."

"మరి నాకూ నాన్నకీ ఎందుకు ఆగలేదు?" అని అడిగాను.

"మీవి చిన్న పనులు తల్లీ. బిల్లుకీ చిన్న ఫొటోకీ ముందుగది, అంటే ఆ మంచి ముక్క, చాలు. మీ అత్త పని పెద్దది. వెనకగది కూడా తెరిస్తే గానీ చాలదు. అక్కడ నేల కుంగిపోయి ఉంది. మీరెవరూ ఆ గదిలోకి వెళ్ళనే లేదు, ఎలా పడతారు?"

అత్త ఆ ముక్కను తిప్పి తిప్పి చూసింది. దాని మీద మచ్చ లేదు, పగులు లేదు. పైకి రెండోదానిలాగే ఉంది. "చూస్తే తెలీదన్నమాట," అంది మెల్లగా.

"చూస్తే ఎవరికీ తెలీదమ్మా."

కొత్త ముక్క మర్నాడు వచ్చింది. లాండ్రీ ముందు వరసలో ఆ యువతి ఎడం కనుబొమ్మ ఎత్తి, ఏదో అడగబోతూ నిలబడింది. బ్రెడ్డు దుకాణం ఆయన ఫొటో తీసుకుని వెళ్ళి, ఒక పెద్ద కేకు పంపించాడు. దాన్ని నాన్న స్వయంగా కోసి, మొదటి ముక్క అక్కకు పెట్టాడు. క్షమించమని నాన్న నోటితో అనలేదు. మా ఇంట్లో ఆ మాట అలవాటు లేదు. తినడానికి ఏదో ఒకటి పెట్టడమే ఆ మాట.

ఆ ఆదివారం అత్త మా ఇంటికి వచ్చింది. నానమ్మ కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని ఉంది. ఆవిడకు వినికిడి తగ్గింది గానీ, మాట తగ్గలేదు. అత్త పక్కన కూర్చుని కంప్యూటరు సంగతంతా చెప్పింది. ఎప్పుడూ నవ్వించడానికి చెప్పే మనిషి, ఆ రోజు నెమ్మదిగా, దేని తర్వాత ఏది జరిగిందో అలాగే చెప్పింది. చివర్న, "అదమ్మా, ఈసారి నా చెయ్యి కాదు," అంది.

నానమ్మ కనుబొమలు ముడిచింది. "నీ చెయ్యేమిటే? నీ చేతికేమైంది?"

"ఏది పట్టుకున్నా పాడవుతుందంటారుగా."

"ఎవరే అలా అన్నది?"

"నువ్వే!"

"నేనా? ఛ. కన్నకూతుర్ని పట్టుకుని అలా అంటానటే!"

నానమ్మ నాటకం ఆడడం లేదు. నిజంగానే గుర్తులేదు. ఏ పొయ్యి దగ్గరో, ఏ చిరాకులోనో అని, ఆ పూటే మర్చిపోయి ఉంటుంది. అత్తకు నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళొచ్చాయి. కళ్ళు తుడుచుకున్నాక కూడా అవి కాసేపు ఆగలేదు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను గానీ, అక్కడికీ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"గడియారం నా చేతిలోనే ఆగిందమ్మా. అది నిజమే. కానీ రోజూ దానికి కీ ఇచ్చేదాన్ని నేనే కదా? ఆగితే నా చేతిలో కాక ఇంకెవరి చేతిలో ఆగుతుంది?"

"మిగతా వాళ్ళంతా ఒట్టి బద్ధకస్తులు," అంది నానమ్మ. "ఎంత చెప్పినా మీ నాన్న కూడా లేచేవాడు కాదు. నువ్వే పీటెక్కి ఇచ్చేదానివి. చిన్నదానివి, అందేది కాదు నీకు." కాస్త ఆగి, "రేడియో కూడా అంతే. వార్తల వేళకి పెట్టేదెవరు? నువ్వేగా," అంది.

"అవును. నేనే."

ఇప్పుడు మేం భస్మత్త అనడం మానేశామా అంటే, మానలేదు. నాలుక మీద ముద్రపడిన పేరు అంత తేలిగ్గా పోదు. ఆమే మానొద్దంది. "వేరే పేరుతో పిలిస్తే నేను పలకనేమో," అంది. కొత్త వస్తువు వస్తే ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. అరచెయ్యి బట్టలకు తుడుచుకుంటుంది. ఇంతకాలపు అలవాటు ఒక్క ర్యామ్ ముక్కతో పోతుందా? కానీ ఇదివరకులా వెనక్కి అడుగు వెయ్యదు.

మొన్న మామయ్యకు టీ ఇస్తుంటే కప్పు పిడి ఊడి ఆమె చేతిలో ఉండిపోయింది. టీ అంతా నేల పాలైంది. అలవాటు కొద్దీ అందరం ఒక్కసారి ఆమె వైపు తిరిగాం. ఆమె పిడిని వెలుతురుకు పట్టి విరిగిన చోటు చూసింది. లోపల ఎప్పటిదో సన్నని గీత, టీ మరకలు పట్టి నల్లబడి ఉంది.

"ఎన్నాళ్ళుగా పగిలి ఉందో పాపం," అని దాన్ని చెత్తబుట్టలో వేసి, ఇంకో కప్పు కోసం అలమర తెరిచింది.